ఆ ఇళ్ల తాళంచెవి ఎవరి చేతిలో?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో షార్లట్స్‌విల్ పట్టణం పక్కన ఒక కొండ ఉంది. దాని మీద థామస్ జెఫర్సన్ 1769లో మొదలుపెట్టి నలభై ఏళ్లపాటు కట్టి, కూల్చి, మళ్లీ కట్టించుకున్న ఇల్లు మాంటిసెల్లో. ఆ ఇంటి భోజనశాలలో ఫైర్‌ప్లేస్‌కు ఇరుపక్కలా చిన్న తలుపులు ఉంటాయి. తెరిస్తే, నేలమాళిగ నుంచి వైన్ సీసాలను పైకి లాగే బుల్లి లిఫ్టులు కనిపిస్తాయి. మరోచోట, వెనుకవైపు అరలు బిగించిన తలుపు ఒకటి ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది. అవతల నిలబడినవారు వంటకాలను అరల్లో పెట్టి తలుపు తిప్పితే పళ్లాలు లోపలికి వస్తాయి, తెచ్చిన చేతులు అవతలే ఉండిపోతాయి. బల్ల దగ్గర సాగే మాటలు పనివారి చెవిన పడకూడదన్నది ఇందుకు ఒక కారణంగా చెబుతారు. దశాబ్దాలపాటు సందర్శకులకు ఈ ఏర్పాటును జెఫర్సన్ బుద్ధిచాతుర్యానికి నిదర్శనంగా చూపించారు. వడ్డించే మనిషి కంటపడకుండా వడ్డన మాత్రం జరగాలన్న కోరిక ఎలాంటి సమాజంలో పుడుతుందో కులవ్యవస్థలో పెరిగిన పాఠకునికి వేరే చెప్పనక్కరలేదు.

మనుషులందరూ సమానులుగా సృష్టింపబడ్డారని 1776లో ప్రకటన రాసిన చేయి జెఫర్సన్‌దే. ఆయన తన జీవితకాలంలో ఆరువందల మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. ఇల్లు కట్టిన శ్రమలో ఎక్కువ భాగం వారిదే. పదేళ్లు దాటిన పిల్లలు ఇంటి పక్కనున్న మల్బరీ రో అనే బాట వెంట కొలిమిలో మేకులు కొట్టారు. అయినా ప్రఖ్యాతుల నివాసాల జాబితాలో ఈ ఇంటి ఎదుట కనిపించేది ఒక్క పేరే. ‘నివసించడం’ అనే క్రియకు కర్త ఎవరు? ఈ ప్రశ్న వ్యాకరణానిది కాదు, అధికారానిది. చాలాకాలం అమెరికా గృహ ప్రదర్శనశాలల్లో మార్గదర్శకులు ‘బానిస’ అనే మాటే ఎత్తేవారు కారు. ‘పనివారు’ అనేవారు. లేదా కర్తను తీసేసి, భోజనం వచ్చేది, గుర్రాలు సిద్ధమయ్యేవి, తోట పెరిగేది అని చెప్పి ఊరుకునేవారు. ఇప్పుడు ‘బానిసలు’ అనడానికి బదులు ‘బానిసత్వంలో ఉంచబడిన మనుషులు’ అంటున్నారు. ఇది పలకడానికి బరువైన మాటే. కానీ బానిసత్వం ఆ మనిషి స్వభావం కాదనీ, మరొకరు చేసిన నేరమనీ అది గుర్తుచేస్తుంది. ‘హరిజన’ అనే మాట నుంచి ‘దళిత’ అనే మాట దాకా నడిచివచ్చిన మనకు ఆ బరువు ఎందుకు అవసరమో తెలుసు.

మాంటిసెల్లోలో సాలీ హెమింగ్స్ అనే స్త్రీ నివసించింది. ఆమె జెఫర్సన్ భార్య మార్తాకు సవతి చెల్లెలు. ఇద్దరికీ తండ్రి ఒక్కడే, కానీ తల్లి బానిస కాబట్టి బిడ్డా బానిసే. తల్లి స్థితే బిడ్డకు సంక్రమించాలన్నది వర్జీనియా చట్టం. 1787లో జెఫర్సన్ రాయబారిగా ఉన్న పారిస్ నగరానికి వెళ్లేనాటికి సాలీకి పద్నాలుగేళ్లు. ఫ్రాన్సులో ఆమె స్వేచ్ఛ కోరవచ్చు. పుట్టబోయే బిడ్డలకు స్వేచ్ఛనిస్తానన్న మాట తీసుకున్నాకే ఆమె వెనక్కి వచ్చిందని కుమారుడు మాడిసన్ హెమింగ్స్ 1873లో చెప్పాడు. ఆ కుటుంబం తరతరాలుగా చెప్పుకున్న మాటను పండితలోకం పుకారుగా కొట్టిపారేసింది. 1998లో జన్యుపరీక్ష వచ్చింది. 2000లో, మాంటిసెల్లోను నిర్వహించే ఫౌండేషన్ తన సొంత విచారణ తర్వాత ఆమె పిల్లల తండ్రి జెఫర్సనే అయివుంటాడని అంగీకరించింది. నల్లవారి నోటిమాట చరిత్రగా చెల్లడానికి నూట పాతికేళ్లు, ఒక ప్రయోగశాల కావలసివచ్చాయి.

సాలీ నివసించిందని భావిస్తున్న గది దక్షిణ భాగంలో ఉంది. 1941లో అక్కడ సందర్శకుల కోసం పురుషుల మరుగుదొడ్డి కట్టారు. ఇంటికి పూర్వవైభవం తేవాలని ప్రతి కిటికీ చట్రాన్నీ, గోడ రంగునూ శ్రద్ధగా వెదికిన నిపుణులకు ఆ గదిలో కాపాడదగినది ఏదీ కనిపించలేదు. 2018లో దాన్ని తొలగించి, ఆమె జీవితం మీద ప్రదర్శన తెరిచారు. సాలీ రూపం ఎలా ఉండేదో తెలిపే చిత్రం ఒక్కటీ లేదు. అందుకే అక్కడ బొమ్మ పెట్టలేదు, నీడను మాత్రం చూపారు. అది నిజాయితీగల నిర్ణయమని నాకు అనిపిస్తుంది.

1826 జూలై 4న జెఫర్సన్ లక్ష డాలర్లకు పైబడిన అప్పుతో మరణించాడు. 1827 జనవరిలో ఆ ఇంటి పచ్చిక మీదనే నూట ముప్ఫై మందిని వేలానికి పెట్టారు. ఈడిత్ ఫాసెట్ ఆ ఇంటి ప్రధాన వంటమనిషి. అధ్యక్ష భవనంలో ఫ్రెంచి వంట నేర్చి వచ్చింది. అతిథులు మెచ్చుకుంటూ రాసుకున్న ఆ విందులు ఆమె చేతివే. ఆమె భర్త, కమ్మరి జో ఫాసెట్‌కు వీలునామాలో స్వేచ్ఛ రాసి ఉంది. భార్యాబిడ్డలకు లేదు. తనకు విముక్తి రావడానికి ఇంకా ఆరు నెలలుండగా, వారిని వేర్వేరు కొనుగోలుదారులు తీసుకుపోవడం అతడు చూశాడు. ఆ తరువాత కొలిమిలో సంపాదించిన సొమ్ముతో భార్యనూ కొందరు పిల్లలనూ తిరిగి కొనుక్కున్నాడు. పదకొండేళ్ల వయసులో అమ్ముడుపోయిన కొడుకు పీటర్ రెండుసార్లు పారిపోబోయి పట్టుబడ్డాడు. చివరికి స్వేచ్ఛ పొంది, సిన్సినాటి నగరంలో విందులు సమకూర్చే వ్యాపారిగా, చర్చి బోధకుడిగా పేరు తెచ్చుకున్నాడు. పారిపోయి వచ్చేవారికి ఆశ్రయం ఇచ్చాడు. 1900లో, వృద్ధాప్యంలో, తాను పుట్టిన ఆ ఇంటిని మళ్లీ చూడడానికి వెళ్లాడు. ఇలాంటి మనిషిని ‘ప్రఖ్యాతుడు’ అనడానికి ఇంకేం కావాలి?

మాంటిసెల్లోకు ఈశాన్యంగా, పొటోమాక్ నది ఒడ్డున జార్జ్ వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ ఉంది. దూరం నుంచి రాతికట్టడంలా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే అది చెక్క. పలకల అంచులు చెక్కి, తడి రంగు మీద ఇసుక చల్లి రాయిలా కనిపించేట్టు చేశారు. 1799లో వాషింగ్టన్ మరణించేనాటికి ఆ ఎస్టేటులో 317 మంది బానిసలున్నారు. తనకు చెందిన 123 మందికి విముక్తి కలిగించాలని ఆయన వీలునామా రాశాడు. భార్య మొదటి భర్త ఆస్తి కింద వచ్చిన 153 మందికి అది వర్తించలేదు. ఈ ఇంటిని 1858లో ఒక మహిళా సంఘం దేశమంతటా చందాలు పోగుచేసి రెండు లక్షల డాలర్లకు కొన్నది. అమెరికాలో చారిత్రక గృహాలను కాపాడాలన్న ఉద్యమానికి అదే నాంది. ఏ సంవత్సరమో గమనించండి. బానిసత్వం మీద దేశం అంతర్యుద్ధం అంచుకు చేరిన కాలమది. జాతిపిత గృహం సాక్షిగా ఉత్తర దక్షిణాలు ఏకం కావాలన్నది ఆ సంఘ స్థాపకుల ఆశయం. అందులో బానిసల ప్రసక్తి ఎలా ఉంటుంది?

వాషింగ్టన్ అధ్యక్షుడిగా కాపురమున్న ఫిలడెల్ఫియా ఇంటి కథ ఇంకా తీవ్రమైనది. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం బయటి నుంచి తెచ్చిన బానిసలు ఆరు నెలలు నివసిస్తే స్వేచ్ఛ కోరవచ్చు. అందుకని ఆయన గడువు ముగియబోయేముందు వారిని రాష్ట్రం దాటించి మళ్లీ తెచ్చుకునేవాడు. 1796 మే 21న, యజమానులు రాత్రి భోజనం చేస్తుండగా ఓనా జడ్జ్ అనే యువతి ఆ ఇంటి నుంచి వెళ్లిపోయింది. ఓడెక్కి న్యూహాంప్‌షైర్ చేరింది. ఆమెను పట్టి తెప్పించడానికి దేశాధ్యక్షుడు చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. చట్టం దృష్టిలో 1848లో చనిపోయేదాకా ఆమె పరారీలో ఉన్న ఆస్తే. గతాన్ని ఆ కాలపు విలువలతోనే తూచాలని మనకు తరచూ బోధిస్తుంటారు. మంచిదే. ఓనా జడ్జ్ కూడా ఆ కాలపు మనిషే కదా! ఆమె తూచిన తూకం ఎందుకు చెల్లదు?

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో దాని స్థలంలోనూ ప్రజల కోసం మరుగుదొడ్డి కట్టారు. మాంటిసెల్లో తరువాత ఇది రెండోది. దీన్ని కుట్ర అనను. ఇంకా దారుణమైనది ఉదాసీనత. పరిశోధకులు, నల్లజాతి ఉద్యమకారులు ఏళ్ల తరబడి పోరాడాక 2010లో అక్కడ కప్పులేని గోడలతో స్మారకం వెలిసింది. ఆ ఇంట్లో బానిసలుగా బతికిన తొమ్మిది మంది పేర్లు అందులో చేరాయి.

కులం గురించి రాసే పుటలో అమెరికా ఇళ్లెందుకని అడగవచ్చు. జ్యోతిరావు ఫూలే 1873లో ‘గులాంగిరీ’ గ్రంథాన్ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. కొలంబియాలో చదివిన అంబేద్కర్ 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు లేఖ రాసి, నల్లవారి తరఫున ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న వినతిపత్రం ప్రతి కావాలని కోరాడు. ఆ సంభాషణ ఇంకా ముగియలేదు. దానిని ఈనాడు కొనసాగించడానికి అన్నిటికన్నా తగిన చోటు మాంట్‌పీలియర్ అని నా అభిప్రాయం.

మాంట్‌పీలియర్ అమెరికా రాజ్యాంగ పితామహుడని పిలిచే జేమ్స్ మాడిసన్ ఇల్లు. ఇదీ వర్జీనియాలోనే ఉంది. 1787 రాజ్యాంగ సభకు వెళ్లేముందు ఆయన ఈ ఇంట్లోనే కూర్చుని ప్రాచీన, ఆధునిక సమాఖ్యల చరిత్రను అధ్యయనం చేశాడు. బానిసలను జనాభా లెక్కలో ఐదింట మూడు వంతులుగా గణించే నిబంధన ఆ సభలోనే పుట్టింది. మూడు తరాల మాడిసన్ కుటుంబం కింద ఇక్కడ దాదాపు మూడువందల మంది బానిసలుగా బతికారు. 2017లో ఇంటి నేలమాళిగలో వారి మీద ప్రదర్శన ఏర్పాటైంది. ఇటుకలు కాల్చకముందు వాటిని తిప్పిపెట్టిన వేళ్ల ముద్రలు అక్కడ చూడవచ్చు. వాటిలో పిల్లల వేళ్లున్నాయి. ఈ ప్రదర్శనకు దేశమంతటా ప్రశంసలు దక్కాయి.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. కథ చెబితే చాలదు, ఆ సంస్థను నడపడంలో బానిసల సంతతివారికి సమాన భాగం కావాలని వారు అడిగారు. 2021 జూన్‌లో పాలకమండలి ఒప్పుకుంది. సగం స్థానాలు సంతతివారికి, ఆ పేర్లను సూచించే హక్కు సంతతి సంఘానికి అన్నది ఒప్పందం. పత్రికలు చారిత్రాత్మకమన్నాయి. తొమ్మిది నెలలు తిరగకుండానే, 2022 మార్చిలో, అదే పాలకమండలి ఆ హక్కును రద్దుచేసింది. వారి వాదన వినదగినది. సంతతివారికి స్థానాలివ్వడానికి మాకు అభ్యంతరం లేదు, కానీ ఎవరు రావాలో ఒక్క సంఘమే నిర్ణయించనక్కరలేదు, మేమే ఎంచుకుంటాం అన్నారు. నిరసించిన సీనియర్ ఉద్యోగుల్లో కొందరిని ఏప్రిల్‌లో తొలగించారు.

ఈ వాదన మనకు కొత్తదా? 1932లో పూనాలో జరిగిన వివాదం సారాంశం కూడా ఇదే. అణగారిన వర్గాలకు స్థానాలుండాలా వద్దా అన్నది కాదు అక్కడి పేచీ. వారి ప్రతినిధి ఎవరో తేల్చే చివరి మాట ఎవరిది అన్నది. స్థానాలు పెరిగాయి, తుది ఎన్నిక మాత్రం ఉమ్మడి ఓటర్ల చేతికి పోయింది. ఆనాటి నుంచి మనం చూస్తున్నదేమిటి? వేదిక మీద ఒక దళితుడు ఉంటాడు. అతడిని అక్కడ కూర్చోబెట్టినవారు వేరే ఉంటారు. అందువల్ల మాట్లాడవలసిన ఘడియలో అతని గొంతు పెగలదు. విశ్వవిద్యాలయాల పాలకమండళ్లలో, అకాడమీల్లో, పత్రికా కార్యాలయాల్లో ఇదే తంతు. మాంట్‌పీలియర్ పెద్దలు జాతివిద్వేషులు కాకపోవచ్చు. చాలామంది మర్యాదస్తులే అయివుండవచ్చు. ఆధిపత్యం నేలమాళిగలో ప్రదర్శనకు డబ్బిస్తుంది, కన్నీళ్లూ కారుస్తుంది. తాళంచెవి అడిగినప్పుడే దాని ముఖం మారుతుంది.

అయితే పూనాకు, మాంట్‌పీలియర్‌కు ముగింపు ఒకటి కాదు. ఆ ఇంటికి యజమాని అయిన జాతీయ పరిరక్షణ ట్రస్టు బహిరంగంగా పాలకమండలిని తప్పుపట్టింది. చరిత్రకారులు, పురావస్తు పరిశోధకులు, సాధారణ పౌరులు సంతతివారి పక్షాన నిలబడ్డారు. 2022 మేలో పాలకమండలి దిగివచ్చి, సంతతి సంఘం ఇచ్చిన జాబితా నుంచి పదకొండు మందిని సభ్యులుగా ఎన్నుకుంది. రాజ్యాంగ పితామహుడి ఇంటి వ్యవహారాల్లో అతని బానిసల సంతతి సంఘానికి ఆధిక్యత దక్కింది.

ఆ ఇంట్లో 1799లో పుట్టిన పాల్ జెన్నింగ్స్ మాడిసన్‌కు ఆంతరంగిక సేవకుడు. అధ్యక్ష భవనంలోనూ, మాంట్‌పీలియర్‌లో ఆయన తుదిశ్వాస విడిచేవేళా పక్కనే ఉన్నాడు. మాడిసన్ భార్య డాలీ అతడిని విడుదల చేయకుండా అమ్మివేసింది. సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్ సొమ్ము చెల్లిస్తే, ఆ బాకీని నెలనెలా చాకిరీతో తీర్చి జెన్నింగ్స్ స్వేచ్ఛ సంపాదించాడు. తరువాత డాలీ పేదరికంలో పడినప్పుడు తన జేబులోంచి చిన్నచిన్న మొత్తాలు ఇచ్చివచ్చేవాడు. ఇది చదివి కొందరు బానిస విశ్వాసమని మురిసిపోతారు. అదే జెన్నింగ్స్ 1848లో వాషింగ్టన్ నుంచి డెబ్బైమందికి పైగా బానిసలను ఓడలో తప్పించే ప్రయత్నంలో తోడ్పడ్డాడని మాత్రం మరచిపోతారు. 1865లో అచ్చయిన అతని జ్ఞాపకాలు అధ్యక్ష భవన జీవితం మీద వచ్చిన తొలి పుస్తకమని చెబుతారు.

ఇంతకీ నల్లజాతి మహనీయులు సొంతంగా నివసించిన ఇళ్లేమయ్యాయి? 1818లో మేరీల్యాండ్‌లో బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ 1877లో వాషింగ్టన్ నగరపు అనకోస్టియా ప్రాంతంలో గుట్ట మీది ఇల్లు కొన్నాడు. పేరు సీడర్ హిల్. దాన్ని కట్టించిన వ్యాపారి ఆ చుట్టుపక్కల స్థలాలను నల్లవారికి అమ్మరాదన్న నిబంధనతో విక్రయించినవాడు! 1895లో డగ్లస్ మరణించాక, వీలునామాకు ఒక సాక్షి సంతకం తక్కువైన కారణంగా ఇల్లు భార్య హెలెన్‌కు దక్కలేదు. ఆమె అప్పుచేసి మిగతా వారసుల వాటా కొని, స్మారకంగా నిలపడానికి శేషజీవితం ధారపోసింది. ఆమె తరువాత నల్లజాతి మహిళా సంఘాలు చందాలెత్తి ఆ ఇంటిని నిలబెట్టాయి. మౌంట్ వెర్నన్‌కు దేశం పలికింది. సీడర్ హిల్‌కు సమాఖ్య ప్రభుత్వం బాధ్యత తీసుకునేసరికి 1962 వచ్చింది.

డుబాయిస్‌కు ఆ అదృష్టమూ లేదు. మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్‌లో ఆయన తాతల ఇంటిని అరవయ్యో పుట్టినరోజుకు మిత్రులు కొని ఇచ్చారు. బాగుచేయించే స్తోమత లేక 1954లో అమ్ముకున్నాడు. ఆ తరువాత ఇల్లు కూలిపోయింది. 1969లో ఆ స్థలాన్ని స్మారకంగా అంకితం చేయబోతే, కమ్యూనిస్టుకు గుర్తులేమిటని ఊళ్లో కొందరు అడ్డుపడ్డారు. నేడు అక్కడ మిగిలింది చెట్ల మధ్య పునాది ఆనవాళ్లు. ఒమహాలో మాల్కం ఎక్స్ పుట్టిన ఇంటిని 1965లో, దాని విలువ గుర్తించకముందే పడగొట్టారు. ఇళ్లు నిలవడానికి డబ్బు కావాలి, వారసత్వపు హక్కు పత్రాలు కావాలి. ఏ జాతికి ఆ రెండూ నిరాకరించారో దాని చరిత్రను కట్టడాల్లో వెదికితే ఖాళీ స్థలాలే దొరుకుతాయి.

వాషింగ్టన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారు సెలవురోజుల్లో మౌంట్ వెర్నన్‌కు పిల్లల్ని తీసుకువెళతారు. బంధువులొస్తే చూపిస్తారు. నది ఒడ్డున నిలబడి ఫొటోలు దిగుతారు. తప్పులేదు. ఇంటి నుంచి సమాధి దాటి కొంచెం నడిస్తే బానిసల శ్మశానం ఉంది. అక్కడ 1983లో నిలిపిన స్మారకాన్ని నల్లజాతి విశ్వవిద్యాలయమైన హోవర్డ్ విద్యార్థులు రూపొందించారు. అక్కడిదాకా నడిచేవారెందరు? మన ఊళ్లలో ఊరి నుంచి వాడదాకా నడవని అలవాటు విమానమెక్కినా వదలలేదేమోనని నా అనుమానం. ఇది అన్యాయమైన అనుమానమైతే సంతోషిస్తాను.

ఇప్పుడు ఈ విషయం రాయడానికి తక్షణ కారణం ఉంది. 2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడు జారీచేసిన ఉత్తర్వు, సమాఖ్య స్థలాల్లో గతకాలపు అమెరికన్లను అనుచితంగా కించపరిచే ప్రదర్శనలను సమీక్షించమని ఆదేశించింది. జూన్‌లో జాతీయ పార్కుల సర్వీసు స్థలాల్లో బోర్డులు వెలిశాయి. దేశాన్ని తక్కువచేసే రాతలు కనిపిస్తే తెలపమని సందర్శకులను కోరాయి. ఫిలడెల్ఫియాలో ఆ తొమ్మిది మంది కథ చెప్పే ఫలకాలు కూడా సమీక్షకు వెళ్లాయి. బానిసను ఉంచుకున్నాడని చెబితే కించపరచడమట. ఉంచుకోవడం మాత్రం కించపరచడం కాదన్నమాట. మాంటిసెల్లో, మౌంట్ వెర్నన్, మాంట్‌పీలియర్ ప్రైవేటు సంస్థల నిర్వహణలో ఉన్నందున ఆ ఉత్తర్వు వాటికి నేరుగా తగలదు. సీడర్ హిల్, ఫిలడెల్ఫియా స్మారకం పార్కుల సర్వీసు కింద ఉన్నాయి. మాంట్‌పీలియర్‌లో సంతతివారు గెలుచుకున్న ఓటు ఆ రెండుచోట్లా ఎవరికీ లేదు.

ఆ బోర్డుల మీద కోడ్ ఉంటుంది. ఫోన్‌తో చూస్తే అభిప్రాయం రాసే పత్రం తెరుచుకుంటుంది. అది ఫిర్యాదుదారులకే పరిమితం కాదు. అక్కడ చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు, ముఖ్యంగా బహుజన విద్యార్థులు, సీడర్ హిల్‌కు, ఫిలడెల్ఫియాకు వెళ్లి ఆ ఫలకాలు పూర్తిగా చదివి, వాటిని అలాగే ఉంచమని రాయవచ్చు. వీసా భయంతో వెనుకాడేవారిని నేను తప్పుపట్టను, ఈ రోజుల్లో ఆ భయం నిరాధారం కాదు. శాశ్వత నివాసం, పౌరసత్వం ఉన్నవారికి ఆ సాకు లేదు.